నియోగి గురించి తెలుగుల పది నిమిషాలు మాట్లాడాలె, ఏం చెప్పాలె?

సిరొంచ పోరడు:
అందరికి నమస్తే. బల్లార్షా దగ్గర ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిల ఠేకేదారు (కాంట్రాక్టర్) కింద పనిచేస్తున్న. సెప్టెంబర్ 28కి ఛత్తీస్‌గఢ్ గని కూలీల లీడర్ శంకర్ గుహా నియోగి వర్ధంతి సభ పెడుతున్నం. మరాఠీల, హిందీల మాట్లాడెటోళ్ళు దొరికిన్రు, తెలుగు నా మెడకేసిన్రు. ఆయన్ని చంపిన్రన్నదొక్కటే నాకు ఎరుక. అదెట్లనో అందరు చెప్తరు. ఇంకేమన్న ఉంటే చెప్పున్రి.

రాజురా 62:
చంపినదే చెప్పు తమ్మి. 1991ల, ఇంకా తెల్లారకముందు, భిలాయ్ ఇంట్ల పండుకున్న మనిషిని కిటికీల నుంచి కాల్చిన్రు. 2005ల సుప్రీంకోర్టు కాల్చినోనికి యావజ్జీవం వేసింది, కేసుల ఉన్న కార్ఖానా యజమానులు నిర్దోషులన్నది. సభ లేస్తది.

బల్లార్షా అక్క:
లేస్తది, మళ్ళ కూసుంటది. నేను వేరేది చెప్త.

మా మేనమామ ఛత్తీస్‌గఢ్ దిక్కు దల్లీ రాజహరాల లారీలకు లోడింగ్ చేసేటోడు. అమ్మ పోయినంక 1980ల నన్ను ఆయన కాడ ఉంచిన్రు, ఐదేండ్లున్న. భిలాయ్ ఉక్కు కార్ఖానాకు ఇనుపరాయి పోయే గనులు అవి. 1977ల బోనస్ ఒప్పందమైతే పర్మినెంటోళ్ళకు 308 రూపాయలు, ఠేకా కూలీలకు 70. గుట్ట ఒక్కటే, రాయి ఒక్కటే. సంతకం పెట్టింది మన యూనియన్లే అని తెలిసి కూలీలు వాటిని ఇడిసిపెట్టిన్రు. ఎమర్జెన్సీ జైలు నుంచి అప్పుడే బయటికొచ్చిన నియోగిని దానీటోలా గనికి పోయి పిలుచుకొచ్చుకున్నరు. ఆయనేం దొర కాదు, అక్కడ గనిల కూలి చేసిండు, తోటి కూలి ఆశాను పెండ్లి చేసుకున్నడు.

ఇగ వాళ్ళు అడిగిన దాంట్ల ఒకటి విను. వానలకు ముంగట గుడిసె బాగుచేసుకొనెటందుకు వంద రూపాయలు, బాఁస్-బల్లీ (వెదురు, వాసాల) పైసలు. ఆ లొల్లిలనే పోలీసులు రాత్రిపూట నియోగిని పట్కపోయిన్రు. జూన్ 2, 3 తారీఖుల కాల్పులల్ల 11 మంది సచ్చిపోయిన్రు. అండ్ల అనసూయాబాయి ఉంది, సుదామా అని ఒక పిలగాడున్నడు.

తర్వాత ఆ పైసలు దొరికినయ్. మామ వాటిని వేరే దేనికి ముట్టనిచ్చేటోడు కాదు. ఒక ఏడు అత్తమ్మ కమ్మలు తెచ్చుకుంట అన్నది. నాలుగు దినాలు ఆమెతోని మాట్లాడలే. ఐదో దినం పొద్దుగాల వెదురు మోపు తెచ్చి వాకిట్ల పడేసిండు, కత్తితోని చీరుకుంట కూసున్నడు. కొస నేను పట్టుకోవాలె. వేలికి పేడు గుచ్చుకుంటే అరిచిన, అప్పుడు అత్తమ్మ నవ్వింది.

తాగుడు సంగతి గూడ చెప్పు. కూలి పెరిగినంక సారా పెరిగింది. యూనియనే దాని మీద పడ్డది. మా మామ మానుతలేడని వాడకట్టు కమిటీ ముసలాయన ఒకడు రోజు మాపటీలి వచ్చి గడపల కూసుండేటోడు. తిట్టడు, నీతి చెప్పడు. చాయ్ తాగుతడు, కూసుంటడు. పదిహేను దినాలైనంక మామనే సీసా బయట పారేసిండు.

దవాఖాన గట్లనే అయింది. యూనియన్‌ల పెద్ద లీడర్ కుసుంబాయి కాన్పుల సరైన వైద్యం లేక సచ్చిపోయింది. కూలీలే చందాలేసుకున్నరు, పనైనంక వచ్చి తట్టలెత్తిన్రు. 1983 జూన్ 3న, కాల్పులైన తారీఖునే, షహీద్ ఆస్పత్రి తెరిచిన్రు. నేను కడవతోని నీళ్ళు మోసిన, ఎక్కువ ఒలకబోసిన.

ఘుగుస్ ఫిట్టర్:
అన్నీ మంచివే గని నియోగి మిషన్లకు అడ్డం పడ్డడు కదా అక్కా? మా వేకోలి (వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్) గనిల షావెల్, అదే తవ్వే మిషన్, లేకుంటే ఒక్క దినం నడుస్తదా?

బల్లార్షా అక్క:
మిషన్ వద్దనలే తమ్మి. సగం మిషన్, సగం మనిషి అన్నడు. మొత్తం మిషన్లే పెడితే చేత్తోని కొట్టెటోళ్ళు ఎటు పోవాలె? ముందుగాల ఆడోళ్ళే ఇంటికి పోతరు, తట్టలు మోసేది వాళ్ళే కదా. నీది ఫిట్టర్ నౌకరి, నీకు షావెలే ముద్దు.

ఘుగుస్ ఫిట్టర్:
అది నిజమే తియ్యి.

సిరొంచ పోరడు:
అక్కా, బాఁస్-బల్లీ పైసలంటే మనోళ్ళకు సమజవుతదా? మా క్యాంపుల అన్నీ రేకులే.

బల్లార్షా అక్క:
వాసాల పైసలు అను. మామ మాతోని గట్లనే అనేటోడు. ఇంకోటి, రాజహరా అను, రాజురా అనకు, అది మన పక్కూరు. హిందీ వాళ్ళు నవ్వుతరు, పైన 62 అన్నకు కోపమొస్తది.