క్వారీ ప్రమాదం చూసి కుంగిపోయిన మనిషికి టీఎంఎస్: పొలం కుదవపెట్టి చేయించాలా?

చీమకుర్తి తమ్ముడు: మా బావ గ్రానైట్ క్వారీలో పని. పోయినేడు బండ జారి, తోటి మనిషి కళ్లముందే చనిపోయాడు. అప్పట్నుంచి టిప్పర్ చప్పుడు వింటే వణుకుతాడు. నిద్ర లేదు, అన్నం సయించదు. రెండు రకాల మందులు మార్చారు. చెన్నైలో ఒక సెంటరు వాళ్లు, తలకు అయస్కాంతం పెట్టే టీఎంఎస్ ముప్పై సిట్టింగులు చేస్తే ట్రామా, అంటే మనసుకు తగిలిన ఆ దెబ్బ, పోతుందని గ్యారంటీ అంటున్నారు. అక్క అరెకరం కుదవపెడతానంటోంది.

కావలి శీను: వద్దబ్బయ్యా. కరెంటు షాకుకే పేరు మార్చారు. మనిషి మొద్దుబారితే ఎవురు దిక్కు?

ఒంగోలు పద్మ: శీనన్నా, షాకు వేరు, ఇది వేరు. షాకులో మత్తిచ్చి ఫిట్స్ తెప్పిస్తారు. ఇందులో మనిషి మెలకువగా కుర్చీలో కూర్చునే ఉంటాడు. మా పిన్ని కూతురికి డిప్రెషన్‌కు చేయించినప్పుడు పక్కనే ఉన్నా. చెవుల్లో దూది లాంటివి పెట్టి, కాయిల్ తలమీద అటూ ఇటూ జరుపుతూ కుడిచేతి బొటనవేలు ఎప్పుడు ఎగురుతుందా అని చూశారు. ఎంత బలం ఇవ్వాలో దాన్నిబట్టే తేల్చేది. తర్వాత నుదుటికి ఎడమపక్కన టకటకమని కొడుతుంది. ఆమెకు తలనొప్పి వచ్చింది, జ్ఞాపకం ఏమీ పోలేదు. ఫిట్స్ రావడం చాలా అరుదు.

అయితే తమ్ముడూ, ఆ గ్యారంటీ మాట నమ్మొద్దు. మందులకు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2008లో అనుమతించింది మందులకు లొంగని డిప్రెషన్‌కు. ట్రామాకు కాదు. అక్కడి మాజీ సైనికుల్లో మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 164 మంది మీద చేసిన పరీక్ష 2018లో వచ్చింది. వాళ్లలో చాలామందికి ట్రామా కూడా ఉంది. నిజం కాయిల్ పెట్టినవాళ్లలో 41 శాతం, ఉత్తుత్తి కాయిల్ పెట్టినవాళ్లలో 37 శాతం డిప్రెషన్ నుంచి కోలుకున్నారు. ఆ తేడాకు అరెకరం పెడతామా? డిప్రెషన్ ఒక్కటే ఉన్నవాళ్లకు మేలు చూపిన పరీక్షలు వేరే ఉన్నాయి, అందుకే వైద్యాన్నే కొట్టిపారేయను. మీ బావకు టిప్పర్ చప్పుడుకు వణుకు వస్తోందంటే ముందు ట్రామాకు మాటలతో చేసే వైద్యం పడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది కూడా అదే, సీబీటీ (ఆలోచనల తీరు మార్చే మాటల వైద్యం), ఈఎండీఆర్ (ఆ సంగతి తలచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిలించే వైద్యం) అని.

నెల్లూరు రఫీ: చెప్పడం తేలికక్కా. అది చేసేవాళ్లు మనకు యాడున్నారు? మిషన్ అయితే చెన్నైలోనైనా ఉంది.

ఒంగోలు పద్మ: ఆ కొరత నిజమే రఫీ, నాకూ కడుపు మండుతుంది. కొరత ఉందని పనికిరాని చోట భూమి పోగొట్టుకోవడం మాత్రం ఒప్పుకోను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. దగ్గర్లో ఎవరున్నారో వాళ్లనే అడగొచ్చు. తమ్ముడూ, ఆ సెంటరును అడుగు: జబ్బు డిప్రెషనా, ట్రామానా, ఎట్టా తేల్చారు? క్వారీలో పేలుడు ముక్కలేమైనా తలలో ఉన్నాయా, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా అని విచారించారా? అడక్కుండానే అడ్వాన్స్ కట్టమంటే బస్సెక్కి వచ్చెయ్యండి.