మిరాసీడియం నత్తను వాసన పట్టి చేరుతుందా, గుడ్డిగా గుద్దుకుంటుందా?

చెరువుగట్టు:
నత్తలో పెరిగి పశువులకో మనుషులకో పట్టే జలగ పురుగుల గుడ్డు పగిలి బయటికొచ్చిన మొదటి లార్వా, మిరాసీడియం, 'నత్త వాసన పట్టి పోతుంది' అని పాఠాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేనొప్పుకోను. మనిషి రక్తనాళాల్లో ఉండే పురుగు షిస్టోసోమా మాన్సోనిది సెకనుకు సుమారు 2 మి.మీ. ఈదుతుంది, వెలుతురు వైపు పైకి పోతుంది. దానికి కావలసిన బయోంఫలేరియా నత్తలుండేదీ ఒడ్డు పక్కన లోతులేని నీళ్లలోనే. ఇక గుద్దుకోవడమేగా మిగిలింది!

సూక్ష్మదర్శి:
ఆ చోటికి చేరడం వేరు, నత్తను పట్టడం వేరండీ. కొన్ని గంటలు నత్తలున్న నీటిని ఒక చుక్క వేసి చూడండి. మిరాసీడియం దూరం నుంచి గురిపెట్టి రాదు, అంతవరకు మీ మాట నిజమే. చుక్కలోకి వచ్చాక మాత్రం మలుపులు పెంచుతుంది, అంచు దాటి గాఢత తగ్గగానే గిరుక్కున వెనక్కి తిరుగుతుంది. ఆ నీటిని వడపోస్తే, పనిచేసేది 30 కిలోడాల్టన్లకు (అణుభారం కొలత) మించిన గ్లైకోప్రోటీన్ల, అంటే చక్కెరలు అతుక్కున్న ప్రోటీన్ల, భాగం.

చెరువుగట్టు:
మరి 1960లలో అగర్ అనే జెల్లీ దిమ్మెల్లో కలిపిన అమైనో ఆమ్లాలకూ, కొవ్వు ఆమ్లాలకూ స్పందించిందే?

సూక్ష్మదర్శి:
మెగ్నీషియం ఎక్కువైనా స్పందిస్తుంది! అందుకే పోల్చే నీటిలోనూ అవే లవణాలు, అంతే మోతాదులో ఉండాలి. దీపం ఇంకో మోసం. ఒక పక్కనుంచి పడితే లార్వాలన్నీ అటే పోతాయి, నత్త నీటికి వచ్చాయని రాసేసుకుంటారు. వెలుతురు కింద నుంచి సమంగా రావాలి.
షిస్టోసోమా గుడ్లను 0.85% ఉప్పునీటిలో కడిగితే అప్పుడే పొదగవు. తర్వాత క్లోరిన్ లేని నీటిలో, 28 డిగ్రీల దగ్గర, వెలుతురులో పెట్టాలి. కుళాయి నీటిని ఒక రోజు తెరిచి ఉంచితే క్లోరిన్ పోతుంది, క్లోరమైన్ పోదు. పొదిగినవాటిని ఒకటి రెండు గంటల్లో వాడేయాలి. అవి మేత తినవు, ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం, గ్లైకోజెన్, తరిగేకొద్దీ నత్తలోకి దూరే సత్తువా తగ్గుతుంది.

పశువైద్యం:
ఇద్దరూ మిరాసీడియాలన్నీ ఒకటే అనుకుని వాదిస్తున్నారు. ఈజిప్టు రకం మాన్సోని తనకు కావలసిన నత్తను మిగతా నత్తల నుంచి వేరు చేసి గుర్తుపడుతుంది, బ్రెజిల్ రకం అంతగా పట్టించుకోదు. మన గేదెల కార్జపు జలగ, ఫాసియోలా జైగాంటికా, లిమ్నియా నత్తనే వెతుకుతుంది. ఆ గుడ్లయితే వెచ్చగా, చీకట్లో రెండు వారాలు మాగాకే వెలుతురుకు పొదుగుతాయి.

చెరువుగట్టు:
వాసన పట్టే ముక్కు అంత బాగా ఉంటే, ఆ పురుగు పెరగలేని, పనికిరాని నత్తలు ఎక్కువున్న తొట్టిలో అసలు నత్తకు సోకడం ఎందుకు తగ్గుతుంది?

పశువైద్యం:
బ్రెజిల్ రకమైతే వాటిలోకీ దూరి చస్తుంది, మీ లెక్క సరే. ఆ తొట్టి పరీక్ష ఈజిప్టు రకంతో పెట్టి చూడండి.