ఇద్దరు పిల్లల కాలేజీ చదువుకు ఒకే పద్దు సరిపోతుందా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికి 14 ఏళ్లు, చిన్నవాడికి 5. అమ్మాయి పుట్టిన నాటి నుంచి, జీతం పడిన మర్నాడే కొంత సొమ్ము రికరింగ్ డిపాజిట్‌లో వేయడం, గడువు తీరినప్పుడల్లా దానిని ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మార్చుకోవడం అలవాటు చేసుకున్నాము. ఒక నోటు పుస్తకంలో ‘పిల్లల చదువు’ అన్న పేరుతో అంతా ఒకే పద్దుగా రాసుకుంటూ వచ్చామే తప్ప, ఎవరికెంత అని ఎన్నడూ విడదీయలేదు. ఈ మధ్య ఒక మిత్రుడు ఆ పుస్తకం చూసి, పెరుగుతున్న ఫీజులకు బ్యాంకు వడ్డీ ఏమూలకూ చాలదని, ఉన్నదంతా తీసి షేర్ల మ్యూచువల్ ఫండ్లలో పెట్టమని గట్టిగా చెప్పారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. కానీ అమ్మాయి కాలేజీలో చేరడానికి ఇక 4 ఏళ్లే ఉన్నందున ఆ డిపాజిట్లు తీయడానికి చేతులు రావడం లేదు. మావారు ఉన్నది ఉన్నట్టే ఉండనిద్దామంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు

అమ్మా, మీ మిత్రుడు చెప్పినది మీ అబ్బాయి విషయంలో చాలావరకు సరైనదే, మీ అమ్మాయి విషయంలో మాత్రం ప్రమాదకరమైనది. 4 ఏళ్ల గడువు, 13 ఏళ్ల గడువు ఒకే పద్దులో కలిసిపోవడమే అసలు చిక్కు. ముందుగా ఆ పుస్తకంలో ఒక కొత్త పేజీ తీసి, నిలువుగా గీత గీసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస పెట్టండి.

అమ్మాయి వరుసను లెక్కతోనే చూద్దాము. నెలకు 1,000 చొప్పున 4 ఏళ్లు వేస్తే, ఏడాదికి 6 శాతం రాబడి మీద సుమారు 54,100 చేతికి వస్తుంది. 10 శాతం వచ్చినా సుమారు 58,700 మాత్రమే. అంటే ఎంత సాహసం చేసినా అదనంగా దక్కేది 4,600 మాత్రమే. అదే చివరి ఏడాదిలో మార్కెట్ 30 శాతం పడిపోతే పోయేది 17,000 పైచిలుకు. కొద్ది కాలంలో పెద్ద మొత్తాన్ని తెచ్చిపెట్టేది మీరు నెలనెలా వేసే సొమ్మే కానీ రాబడి కాదు. అందువల్ల అమ్మాయి డబ్బును కదిలించకండి. వీలైతే నెలసరి మొత్తాన్ని పెంచండి.

అబ్బాయి వరుసలో పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. చదువు ఖర్చు ఏటా 6 శాతం పెరుగుతుందనుకుంటే, ఈనాడు 100 అయ్యేది 13 ఏళ్లకు 213 అవుతుంది. డిపాజిట్ మీద వచ్చే 6 శాతం ఆ పెరుగుదలతో సమానంగా నడుస్తుందే తప్ప దానిని దాటి ముందుకు పోదు. ఆ వడ్డీ మీద పన్ను కూడా కట్టవలసి వస్తే, మీ సొమ్ము నిజానికి ఏటేటా కరిగిపోతున్నట్టే లెక్క. కనుక అతని సొమ్ములో ఎక్కువ భాగాన్ని ఇప్పుడు ఖర్చు తక్కువగా ఉండి, మార్కెట్ సూచీలోని షేర్లనే అదే నిష్పత్తిలో కొనే ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా వేయడం సమంజసం.

రెండో జవాబు

పై జవాబులోని 30 శాతాన్ని నేను స్వయంగా అనుభవించినవాడిని కనుక రాస్తున్నాను. మా అబ్బాయి చదువు కోసం పదకొండేళ్లు క్రమం తప్పకుండా షేర్ల ఫండ్‌లో వేశాను. కాలేజీలో చేరడానికి రెండేళ్ల ముందే సగం తీసి డిపాజిట్‌లో పెట్టాలని అనుకున్నప్పటికీ, మార్కెట్ పెరుగుతూ ఉండడం వల్ల ఇంకో ఆరు నెలలు చూద్దామని వాయిదా వేస్తూ పోయాను. ప్రవేశానికి మూడు నెలల ముందు విలువ దాదాపు మూడో వంతు పడిపోయింది. ఫీజు కట్టవలసిన చివరి తేదీ ఉన్న ఉత్తరం బల్ల మీద పెట్టుకుని, ఫోన్‌లో అమ్మకం బటన్ మీద వేలు ఆనించి, రాత్రి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. చివరకు అమ్మక తప్పలేదు. తక్కువ పడినదానికి విద్యా రుణం తీసుకున్నాము. మార్కెట్ తర్వాత కోలుకున్నది కానీ, అమ్మేసిన యూనిట్లకు ఆ కోలుకోవడంతో సంబంధం లేదు.

30 శాతం పడినది మళ్లీ మొదటి స్థాయికి రావాలంటే 43 శాతం పెరగాలి. అమెరికాలోని దాదాపు 500 పెద్ద కంపెనీల షేర్ల ధరలను చూపే ఎస్ అండ్ పీ 500 సూచీ 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు 57 శాతం దాకా పడి, పాత శిఖరాన్ని మళ్లీ అందుకునేసరికి 2013 వచ్చింది. మన పదవీ విరమణను ఏడాది వెనక్కి జరుపుకోవచ్చునేమో కానీ, పిల్లల ప్రవేశం తేదీని జరపలేము. ఏ ఏడాది ఎంత భాగం డిపాజిట్‌కు మార్చాలో ఇప్పుడే కాగితం మీద రాసి, మార్కెట్ ఎలా ఉన్నా ఆ ప్రకారమే మార్చండి.

మూడో జవాబు

ఇంకొక సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. ఇలాంటి సమయంలోనే పిల్లల చదువు పేరిట బీమా, పొదుపు కలిపిన పాలసీ మీ ఇంటికి నడిచి వస్తుంది. నేను అటువంటిది ఒకటి తీసుకుని, మూడో ఏట వదిలించుకోబోతే, కట్టినదాంట్లో పెద్ద భాగం తిరిగి రాలేదు. పిల్లల చదువు ఆగిపోయే ప్రమాదం తల్లిదండ్రుల సంపాదన ఆగిపోవడంలో ఉన్నది. కనుక సంపాదించేవారి పేరిట విడిగా టర్మ్ ఇన్సూరెన్స్ (పొదుపు కలవని, గడువులోగా మరణిస్తేనే సొమ్ము ఇచ్చే బీమా) తీసుకుని, పొదుపును పొదుపుగానే ఉంచండి. ఫండ్ నిర్వహణకు ఏటా కోసుకునే ఖర్చుల శాతాన్ని కూడా చిన్నదని తీసిపారేయవద్దు. ఏడాదికి 8 శాతం పెరిగే ఫండ్‌లో 100 పెట్టినప్పుడు, ఖర్చు అర శాతమైతే 15 ఏళ్లకు 296 చేతికి వస్తుంది, 2 శాతమైతే 240.

మీ వృద్ధాప్యానికి దాచుకున్నదానిని మాత్రం ఈ రెండు వరుసల్లో దేనిలోనూ కలపకండి. చదువుకు అప్పు పుడుతుంది, ముసలితనానికి ఎవరూ అప్పు ఇవ్వరు.

ప్రశ్న వేసిన సభ్యురాలు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మేమిద్దరమూ కూర్చుని పుస్తకంలో గీత గీశాము. ఇప్పటివరకు ఉన్న డిపాజిట్లన్నీ అమ్మాయి వరుసలోకి వెళ్లాయి. అలా వెళ్లాక అబ్బాయి వరుస పూర్తిగా ఖాళీగా కనిపించింది. మనసుకు కష్టమనిపించింది కానీ, ఆ కొరత ఇన్నాళ్లూ మాకు కనబడకపోవడానికి కారణం ఆ ఒకే పద్దేనని అర్థమైనది. ఒక చిన్న సందేహం: అబ్బాయి డబ్బును డిపాజిట్లకు మార్చడం ఎప్పుడు మొదలుపెట్టాలి?

మొదటి జవాబు ఇచ్చిన సభ్యుడు

అమ్మా, ఖాళీగా ఉన్నదని బాధపడకండి, అతనికి 13 ఏళ్ల కాలం చేతిలో ఉన్నది. మార్పిడిని అతనికి 13 ఏళ్లు నిండినప్పటి నుంచి మొదలుపెట్టి, ఏటా అయిదో వంతు చొప్పున జరపండి. ఫీజు అంతా ఒక్కసారిగా కట్టేది కాదు కనుక, చేరే రోజుకు మొదటి రెండేళ్ల ఫీజు పూర్తిగా డిపాజిట్‌లో ఉన్నదా లేదా అన్నదే ముఖ్యంగా చూసుకోవాలి. మూడో, నాలుగో ఏళ్ల సొమ్ము కొంత ఫండ్‌లో మిగిలినా ఇబ్బంది లేదు. అమ్మాయి చదువు ముగిసిన నెల నుంచి, ఆమె కోసం వేస్తున్న నెలసరి మొత్తాన్ని ఇంటి ఖర్చులో కలిసిపోనివ్వకుండా అబ్బాయి వరుసకు మళ్లించండి. అప్పటికి అతనికి 13 ఏళ్లు నిండి ఉంటాయి కాబట్టి, ఆ కొత్త సొమ్ము నేరుగా డిపాజిట్‌లోకే వెళ్లాలి.