బేకరీలో ఎనిమిది మంది పనివాళ్ళు: జీతం కాక ఇంకేం ఇవ్వగలం?

రాయగడ_బేకరీ
మాది రాయగడలో బేకరీ, వెనకాలే స్వీట్ల బట్టీ. పనివాళ్ళు ఎనిమిది మంది: నలుగురు ఒడియా వాళ్ళు, ముగ్గురు పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు, స్వీట్ మాస్టర్ మాత్రం ఇక్కడే పుట్టి పెరిగిన మన తెలుగాయన, యాభై ఏడేళ్ళు. పోయిన నెల మంచి కుర్రాడొకడు మానేసి ఒక కాంట్రాక్టర్ దగ్గర చేరాడు, అక్కడ జీతం నా దగ్గరకంటే ఐదొందలు తక్కువ. అదేంట్రా అంటే "అక్కడ పీఎఫ్ ఉంది అన్నా, పీఎఫ్ ఉంటేనే మా మామ పిల్లనిస్తానంటున్నాడు" అన్నాడు. నవ్వొచ్చింది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. పెద్ద కంపెనీలా ఇవ్వలేను. నెలకి మొత్తం మీద రెండు మూడు వేలు అయితే పెట్టగలను. మీరు ఏం చేస్తున్నారు?

గుణుపూర్_మిల్లు
మాది రైస్ మిల్లు, పద్నాలుగు మంది. పది మంది ఉంటే చాలు, ఈఎస్ఐ (పనివాళ్ళ వైద్య బీమా) తప్పదు కాబట్టి కడుతున్నా. జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకే, మన వాటా 3.25 శాతం, వాళ్ళది 0.75. అంటే 12,000 జీతగాడికి నా చేతి నుంచి 390, వాడి నుంచి 90. మొదట్లో "నా 90 ఎందుకు కోస్తున్నావు" అని పెద్ద గొడవ. ఒకడి భార్యకి ఆపరేషన్ అయ్యాక గొడవ ఆగింది. ఒక్క సంగతి గుర్తుపెట్టుకో: ఒకసారి పది మంది అయి అందులోకి వెళ్ళాక, తర్వాత తొమ్మిదికి తగ్గినా బయటికి రాలేం. పండక్కి ఇద్దరిని అదనంగా పెట్టుకునేటప్పుడు లెక్క చూసుకో.

పర్లాకిమిడి_టైలర్
ఎనిమిది మందికి ఈఎస్ఐ తప్పనిసరి కాదు, పీఎఫ్ ఇరవై మందికి. కావాలంటే పీఎఫ్‌కి మనమే స్వచ్ఛందంగా చేరొచ్చు, పనివాళ్ళలో ఎక్కువమంది ఒప్పుకోవాలి. నేను ఆలోచించి వదిలేశా. జీతం మీద మన వాటా సరే, దాని పైన పీఎఫ్ ఆఫీసు చార్జీలు నెలకి కనీసం 500, అరడజను మందికి అది కూడా బరువే. అప్పుడు నేను చేసింది ఇది. బ్యాంకులో ఉండే రెండు బీమాలు, సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతి 436. మొదటిది ప్రమాదానికి, రెండోది ఏ కారణంతో పోయినా, ఒక్కోటి 2 లక్షలు. మనిషికి 456, నీ ఎనిమిది మందికి లెక్కేస్తే ఏడాదికి 3,648. నెలకి కాదు, ఏడాదికి!

రాయగడ_బేకరీ
మాస్టర్‌కి యాభై ఏడు కదా, ఆయనకి వస్తుందా?

పర్లాకిమిడి_టైలర్
జీవన్ జ్యోతిలో చేరాలంటే 18 నుంచి 50 లోపు ఉండాలి, ఆయనకి కుదరదు. 20 రూపాయలది 70 వరకు ఉంది, అది పెట్టించు.

జయపురం_లాడ్జి
అన్నయ్యా, నేను కూడా ఇదే చేశాను, తర్వాత దెబ్బ తిన్నాను, అందుకే రాస్తున్నా. మా లాడ్జిలో గదులు శుభ్రం చేసే ఆమెకి రెండు బీమాలూ పెట్టించి, డబ్బులు ఆమె చేతికే ఇచ్చి, ఖాతాలో వేసుకోమన్నాను. ఈ బీమా ఏడాది జూన్ 1 నుంచి మే 31 దాకా. కోత మే నెలాఖరులో దానంతట అదే పడుతుంది, ఖాతాలో డబ్బుంటేనే. ఆమె ఆ డబ్బుతో పిల్లాడికి స్కూలు ఫీజు కట్టేసింది, తప్పేముంది, ఎవరైనా అదే చేస్తారు. ఆగస్టులో బస్సు కింద పడి పోయింది. బ్యాంకుకి వెళ్తే పాలసీ లేదన్నారు. ఆ పిల్లాడిని చూసినప్పుడల్లా నేనే తప్పు చేసినట్టుంటుంది. ఇప్పుడు మే 15 కల్లా అందరి పాస్‌బుక్కులు నా టేబుల్ మీద ఉండాలి. డబ్బు నేనే ఖాతాలో వేస్తాను, కోత పడ్డ ఎంట్రీ చూస్తాను. మధ్యలో ఆగి మళ్ళీ చేరితే జీవన్ జ్యోతిలో మొదటి 30 రోజులు ప్రమాదం తప్ప వేరే కారణంతో పోతే రాదు, అది కూడా తెలుసుకోండి.

బరంపురం_పద్దులు
నేను చీరల షాపులకి లెక్కలు రాస్తాను, మాకు ఇవి రోజూ ఉండే పనే. ఈఎస్ఐ కడుతున్నవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి: వైద్యం మొదటి రోజు నుంచే ఉంటుంది, పనిలో దెబ్బ తగిలితే జీతంలో 90 శాతం కూడా మొదటి రోజు నుంచే. జ్వరం వచ్చి మానేసినప్పుడు వచ్చే 70 శాతం మాత్రం అలా రాదు, వాటా కట్టే ఆరు నెలల కాలంలో 78 రోజుల పని ఉండాలి, ఆ కాలం అయ్యాక ఇంకో మూడు నెలలకి గానీ డబ్బు అందదు. కొత్తగా చేరినవాళ్ళు "మోసం" అని అరిచేది దీని గురించే.

రాయగడ అన్నకి పనికొచ్చేది ఇంకోటి. పది లోపు ఉన్నా, బట్టీ దగ్గర ఎవరికైనా కాలితే, చెయ్యి పోతే, చట్టం ప్రకారం పరిహారం యజమానే కట్టాలి. దానికో పాలసీ ఉంటుంది, ప్రభుత్వ బీమా కంపెనీలు కూడా ఇస్తాయి, వర్క్‌మెన్ పాలసీ అని అడిగితే చాలు. అది పనివాడికి బెనిఫిట్ అని చెప్పుకుంటాం గానీ, నిజానికి కాపాడేది మనల్నే.

గుణుపూర్_మిల్లు
పద్దులు మాస్టారూ, ఈఎస్ఐ వాటా 15వ తారీఖు లోపల పడాలన్నది కూడా చెప్పండి, నేను రెండుసార్లు వడ్డీ కట్టాను.

సిరొంచ_కిరాణా
మాది మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా. గోదావరి దాటితే కాళేశ్వరం. మా షాపులో ముగ్గురే, వాళ్ళకి శ్రమ్ యోగి పెన్షన్ పెట్టించిన. నెలకి 15,000 లోపు సంపాదించేటోళ్ళకి, 18 నుంచి 40 మధ్య వయసు. 29 ఏళ్ళ పిల్లగాడికి నెలకి 100 కోత, అంతే డబ్బు సర్కారు కూడా వేస్తది, 60 దాటినంక నెలకి 3,000. ఆ వంద నేనే కడుతున్న. కానీ పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నోళ్ళకి ఇది రాదు, రెండూ అడగొద్దు. నిజం చెప్పాలంటే పాతికేళ్ళ పిల్లగాడికి అరవై ఏళ్ళ మాట చెబితే నవ్వుతున్నడు. వాళ్ళమ్మ మాత్రం సంతోషపడ్డది.

కొట్లో_పనివాణ్ణి
యజమానులే మాట్లాడుతున్నారు, నేను పనివాణ్ణి, నేనూ ఒకటి చెప్తాను. నాకు బీమా కాగితాలు ఇచ్చిన సేటు ఒకాయన ఉండేవాడు, జీతం మాత్రం ఏ నెలలోనూ పదో తారీఖుకి ముందు ఇచ్చేవాడు కాదు. ఇప్పుడున్న చోట కాగితం లేదు, ఒకటో తారీఖుకి డబ్బు పడుతుంది, ఒంట్లో బాగోకపోతే కోత లేదు. మీ కుర్రాడు పీఎఫ్ అని చెప్పాడు సరే, ఇంకేదైనా ఉందేమో అడిగి చూడండి.

రాయగడ_బేకరీ
తమ్ముడూ, నువ్వన్నది సూటిగా తగిలింది. మా దగ్గర జీతం ఐదుకి పడుతుంది, దసరా ముందు అడ్వాన్స్ అడిగితే విసుక్కుంటాను, ఒప్పుకుంటున్నా.

జయపురం_లాడ్జి
సెలవుల సంగతి కూడా. మా దగ్గర రజ పండక్కి జూన్‌లో ఒడియా పిల్లలకి మూడు రోజులు జీతంతో సెలవు, అప్పుడు మన తెలుగువాళ్ళు పని లాగుతారు. సంక్రాంతికి తిరగేసి. ఖర్చు ఏమీ లేదు, దీనికి వచ్చిన మంచిపేరు బీమాకి కూడా రాలేదు.

బరంపురం_పద్దులు
ఇక్కడ మనకే ఉన్న చిక్కు ఇంకోటి, కార్డులు. ఒడిశా వాళ్ళకి గోపబంధు ఆరోగ్య కార్డు మీద కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి అదనంగా ఇంకో 5. పార్వతీపురం వాళ్ళ కార్డు ఆంధ్రాది. ఇద్దరికీ ఒకే ఆసుపత్రి చెప్పి పంపించకండి, వెళ్ళేముందు అక్కడి హెల్ప్ డెస్క్‌లో ఆ కార్డు తీసుకుంటారో లేదో ఫోన్ చేసి అడగండి. ఈఎస్ఐ ఉన్నవాళ్ళయితే నమోదు చేసేటప్పుడే పనివాడి డిస్పెన్సరీ వేరు, ఊళ్ళో ఉన్న కుటుంబానిది వేరు అని పెట్టుకోవచ్చు. చాలామంది రెండింటికీ ఒకటే కొట్టేస్తారు, తర్వాత భార్య మందుల కోసం అక్కణ్ణుంచి ఇక్కడికి బస్సెక్కాలి.

పర్లాకిమిడి_టైలర్
నామినీ చూసుకోండి అందరూ. మా దగ్గర ఒకడికి పెళ్ళయి ఆరేళ్ళు, నామినీగా ఇంకా వాళ్ళన్న పేరే ఉంది. వాడి భార్య గోల చేస్తేగానీ బయటపడలేదు.

రాయగడ_బేకరీ
ఇవాళ మధ్యాహ్నం బేరం లేనప్పుడు అందరినీ పాస్‌బుక్కులు తెమ్మన్నాను. ఇద్దరి నామినీ ఖాళీ. ఒకడిది వాళ్ళ నాన్న పేరు, ఆయన పోయి రెండేళ్ళయిందట. మాస్టర్‌కి అసలు పాస్‌బుక్కే లేదు, జీతం ఇన్నేళ్ళూ నేను చేతికే ఇస్తున్నా, ఆయన అడగలేదు, నేను అనుకోలేదు. రేపు నలుగురిని బ్యాంకుకి తీసుకెళ్తున్నా, కొట్టు పదకొండుకి తెరుస్తా. మానేసిన కుర్రాడికి ఫోన్ చేశాను, పెళ్ళి మాఘంలోనట, కేకు మన దగ్గరే అన్నాడు.