ఇంటి క్యాలెండర్ యాప్: ఎవరు దింపాలి, ఎవరు తీసుకురావాలి అనేది ఎలా చూపించాలి?

నిజాంపేట_నాన్న
మా ఇంట్లో ఆరుగురం, ఒక కారు, ఒక స్కూటీ. బాబుకి వారంలో మూడు రోజులు ఈత, పాపకి ట్యూషన్, నాన్నకి ఫిజియోథెరపీ, రాత్రి నేను మియాపూర్ మెట్రోలో దిగేసరికి ఎవరో ఒకరు రావాలి. ఇవన్నీ ఒకచోట కనిపించాలని సాయంత్రాలు కూర్చుని ఒక వెబ్ యాప్ చేస్తున్నాను. నెల పేజీ, గడిలో పనులు, మనిషికో రంగు. చూడ్డానికి బానే ఉంది. కానీ పోయిన గురువారం బాబు తడి తలతో గేటు దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాడు. మా ఆవిడ నేను వెళ్తాననుకుంది, నేను తను వెళ్తుందనుకున్నాను. క్యాలెండర్లో ఈత ఉంది, టైం కరెక్టే, పొద్దున్నే ఇద్దరం చూశాం కూడా. వాచ్‌మన్ ఫోన్ అడిగి వాడే చేసేదాకా మాకు తెలియలేదు. ఈ స్క్రీన్‌లో ఏం మార్చాలో చెప్పండి.

గీత_గడి
మీ గడిలో ఉన్న "ఈత 5–6" బాబు పని అండీ. మీ పని 4:40కి బయల్దేరి దింపడం, 6కి అక్కడ ఉండటం. అది ఎక్కడా రాసి లేదు. ఒక క్లాసుకి రెండు ప్రయాణాలు, రెండూ వేర్వేరు మనుషులు చేయొచ్చు, కాబట్టి క్లాసు కింద రెండు పట్టీలు పెట్టండి. మనిషికో రంగు అన్నారు, అది పిల్లాడి రంగా, తీసుకెళ్లేవాళ్ల రంగా? పేరు లేని పట్టీకి చుక్కల గీత అంచు పెట్టి, లోపల "ఎవరూ లేరు" అని అక్షరాల్లోనే రాయండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్లు చాలామందే ఉంటారు, రంగు ఒక్కదాని మీదే ఆధారపడొద్దని డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన నియమాలు)లో కూడా ఉంది. తెరవగానే నెల పేజీ వద్దు, ఈరోజు ప్రయాణాలు రావాలి.

లూప్‌లో_రాజు
పట్టీ మీద పేరు రాసినంత మాత్రాన ఆ మనిషి ఒప్పుకున్నట్టు కాదు. క్యాలెండర్ యాప్‌లు ఒకదానితో ఒకటి వివరాలు పంచుకోవడానికి 2009లో వచ్చిన ఐక్యాలెండర్ స్టాండర్డ్, ఆర్‌ఎఫ్‌సీ 5545లో, పిలిచిన ప్రతి మనిషికీ ఒక స్థితి ఉంటుంది. మొదట ఉండేది "నీడ్స్-యాక్షన్", అంటే ఇంకా జవాబు రాలేదు. ఒప్పుకున్నాకే "యాక్సెప్టెడ్" అవుతుంది. దాన్నే వాడుకోండి అన్నా. ఒప్పుకున్నవాళ్లు రాలేమంటే ప్రయాణం మాయమవకూడదు, మళ్లీ ఖాళీ పట్టీ అయి అందరికీ కనిపించాలి. వారం వారం వచ్చే పనిలో మార్పు చేస్తే "ఈ ఒక్కరోజా, ఇకమీదంతానా" అని తప్పకుండా అడగాలి. ఇంకోటి, కారుని కూడా ఒక మనిషిలా చేర్చండి, ఆ స్టాండర్డ్‌లోనే వస్తువుల కోసం "రిసోర్స్" అనే రకం ఉంది. నాన్నగారి ఫిజియోథెరపీకీ ఈతకీ ఒకే టైంకి కారు అడిగితే అక్కడే దొరికిపోతుంది.

సాయంత్రం_అమ్మ
మీ అమ్మగారి ఫోన్‌లో ఒకసారి తెరిచి చూశారా? మా అత్తగారు అక్షరాలు పెద్దవిగా పెట్టుకుంటారు. నేను చేసిన చార్టులో గడి ఎత్తు సరిపోక "శుక్ర"లో రావత్తు కింద తెగిపోయి "శుక" అని కనిపించింది. పొట్టిగా ఒక్క అక్షరమే పెడదామంటే శు, శ పక్కపక్కనే వస్తాయి, శుక్రవారం అనుకుని ఆవిడ శనివారం నొక్కేశారు. వరుసల మధ్య జాగా ఎక్కువ ఇవ్వండి, రోజు పేరు పూర్తిగా రాయండి, బటన్ బొటనవేలికి అందేంత ఉండాలి.

నిజాంపేట_నాన్న
అందరికీ థాంక్స్ అండీ. రెండు పట్టీలు పెట్టాను, "నేను వెళ్తా" అని పెద్ద బటన్ పెట్టాను. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ అమ్మకిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని పాప ట్యూషన్ పట్టీ నొక్కింది. యాప్ "కారా, స్కూటీనా" అని అడిగింది. "పక్క వీధే కదరా, నడిపించుకుని తీసుకెళ్తాను" అంది. నడక అనేదే నేను పెట్టలేదు. "డ్రైవర్" అని ఉన్నచోటల్లా "తోడు" అని మార్చాను, బండి ఎంచుకోవడం తప్పనిసరి కాదు ఇప్పుడు. ఈ గురువారం 6 గంటల పట్టీ ఇంకా ఖాళీగానే ఉంది, ఆఫీసులో అడిగి ముందే బయల్దేరతాను, నేనే నొక్కుతున్నాను.