చర్చ: నయా ఉదారవాదం (ప్రభుత్వ పాత్ర తగ్గించి సేవలను ప్రైవేటుకు, మార్కెట్‌కు వదిలే విధానం) వచ్చాక సామాజిక హక్కుల బాధ్యత నుంచి ప్రభుత్వం తప్పుకుందా?

తీరం:
తప్పుకుందనే నా వాదన. చిలీనే చూడండి. 1981లో అక్కడి సైనిక ప్రభుత్వం అందరి చందాలతో నడిచే ఉమ్మడి పింఛను పద్ధతిని పక్కనపెట్టి, ఉద్యోగి జీతంలో 10 శాతాన్ని ప్రైవేటు సంస్థలు నడిపే వ్యక్తిగత ఖాతాలకు మళ్లించింది, యజమాని చెల్లించే వాటాను ఎత్తివేసింది. సైన్యాన్ని, పోలీసులను మాత్రం పాత పద్ధతిలోనే ఉంచింది. అంత మేలైన ఏర్పాటే అయితే తనవాళ్లకు ఎందుకు వర్తింపజేయలేదు?

లెక్కల మాస్టారు:
‘తప్పుకుంది’ అన్న మాటే తప్పు. పాత పింఛనుదారుల భారాన్నీ, కొత్త ఖాతాలకు మారినవారి పాత చందాలకు బదులుగా ఇచ్చిన బాండ్లనూ (తర్వాత చెల్లిస్తామనే హామీ పత్రాలు) చిలీ ఖజానాయే మోసింది. 2008లో పేద వృద్ధులకు కనీస పింఛను తెచ్చిందీ ప్రభుత్వమే. ఇంత ఖర్చు పెడుతున్నవారు తప్పుకున్నట్టు ఎలా అవుతుంది?

తీరం:
ఆ కనీస పింఛను రావడానికి 27 ఏళ్లు పట్టింది. 1981 నుంచి 2014 వరకు 30 దేశాలు పింఛన్లను పూర్తిగానో కొంతగానో ప్రైవేటుపరం చేస్తే, 2018 నాటికి వాటిలో 18 వెనక్కి మళ్లాయని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క తేల్చింది.

లెక్కల మాస్టారు:
నేను అడిగింది ఖర్చు గురించి. దానికి ఇంకా జవాబు రాలేదు.

వాన చినుకు:
ఖర్చు సంగతి సరే, హక్కు సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

తీరం:
అయితే నా అనుభవం చెబుతాను. మా అమ్మ శస్త్రచికిత్స ఖర్చుకు ప్రభుత్వమే ప్రీమియం కట్టిన బీమా ఉంది. కంపెనీ మూడు ఉత్తరాలు పంపింది, మూడింటిలోనూ ‘పత్రాలు అసంపూర్ణం’ అన్న ఒకే వాక్యం. ఏ పత్రమో రాయలేదు. ప్రభుత్వ కార్యాలయానికి వెళితే, అది మీకూ కంపెనీకీ మధ్య వ్యవహారమన్నారు. డబ్బు ప్రభుత్వానిదే, మాస్టారూ. జవాబు చెప్పేవారే లేరు.

లెక్కల మాస్టారు:
మీ బాధను కాదనను. కానీ మా నాన్న ప్రభుత్వ ఆసుపత్రి వరుసలోనే చనిపోయారు. అక్కడా ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ రోజు వేరే చోటికి వెళ్లే దారి ఉంటే ఆయన బతికేవారని నేటికీ నమ్ముతున్నాను. అన్నీ ప్రభుత్వమే నడపాలనే మీ మాట వింటే నాకు ఆ వరుసే గుర్తొస్తుంది, దయచేసి నన్ను కంపెనీల మనిషిగా చూడకండి.

తీరం:
ప్రభుత్వమే నడపాలని నేను ఎక్కడా అనలేదు. 1966 నాటి ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడిక కూడా ఆసుపత్రిని ఎవరు నడపాలో చెప్పదు. అందుబాటులో ఉన్న వనరులన్నీ వినియోగించి హక్కులను క్రమంగా నెరవేర్చే బాధ్యతను మాత్రం ఆయా దేశాల ప్రభుత్వాలపైనే పెడుతుంది. పనిని కాంట్రాక్టుకు ఇచ్చినంత మాత్రాన ఆ బాధ్యత చేతులు మారదు.

లెక్కల మాస్టారు:
అక్కడే మీకూ నాకూ పడదు. నడవని సేవను వదిలి మరో చోటికి వెళ్లగలగడమే నాకు హక్కు. మీకు, వెళ్లనక్కరలేకుండా నిలదీయగలగడం హక్కు.

తీరం:
అవును. వెళ్లడానికి మరో చోటు లేనివారి కోసమే నా పట్టుదల.