బీచ్ రోడ్డులో ఫ్రీ గోల్ఫ్ ఈవెంట్: ఆట తెలియనివాళ్ళు వెళ్ళొచ్చా?

వాల్తేరు_నాన్న:
ఆదివారం ఆర్కే బీచ్ దగ్గర గోల్ఫ్ ఫ్యాన్ ఈవెంట్ అట, ఎంట్రీ ఫ్రీ. టెంట్లు, పెద్ద స్క్రీను, మనం కూడా కొట్టి చూడొచ్చని పోస్టర్లో ఉంది. గోల్ఫ్ గురించి నాకు తెలిసింది కర్ర, బంతి, గుంత, అంతే. మావాడికి తొమ్మిదేళ్ళు, పొద్దస్తమానం క్రికెట్టే. మా నాన్నగారు కూడా వస్తానంటున్నారు. క్లబ్బు జనం మధ్య బిక్కమొహం వేసుకుని నిలబడాల్సి వస్తుందా?

సిరిపురం_సెవెన్:
నిక్షేపంగా వెళ్ళండి. ఇలాంటివి పెట్టేదే మనలాంటివాళ్ళ కోసం, ఆడేవాళ్ళు ఎలాగూ ముడసర్లోవలో ఆడుకుంటారు. ఒక్కటే మాట, లోపలికి రాగానే అందరూ సిమ్యులేటర్ లైన్లో నిలబడిపోతారు, మీరు మాత్రం ఆ పని చేయకండి. బాగోదని కాదు. కొట్టిన బంతి తెరకి తగిలి కింద పడుతుంది, దాని వేగం, లేచిన కోణం, తిరిగిన తీరు కొలిచి ఎంత దూరం పోయేదో బొమ్మలో చూపిస్తారు. కానీ అంతసేపు నిలబడితే చేతికొచ్చేది నాలుగు దెబ్బలు. నేరుగా పటింగ్ మ్యాట్ దగ్గరికి పోండి, అంటే బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించే చోటికి. గుంత వెడల్పు 4.25 అంగుళాలే అయినా నాలుగడుగుల నుంచి బకెట్‌లా కనిపిస్తుంది, కొడితే అంచు చుట్టూ తిరిగి బయటికొచ్చేస్తుంది, ఒళ్ళు మండుతుంది, మళ్ళీ కొడతాం. క్రికెట్ పిల్లలు కవర్ డ్రైవ్ లాగి బంతిని మ్యాట్ దాటించేస్తారు, పైగా కొట్టకముందే తల ఎత్తి చూస్తారు. పోయినసారి ఓ కోచ్ అలాంటివాడితోనే అన్నాడు, "చూడకు నాన్నా, గుంతలో పడ్డ చప్పుడు విను" అని. ఆ తర్వాత వాణ్ణి అక్కడినుంచి కదల్చలేకపోయారు వాళ్ళమ్మ.

సిమ్యులేటర్ కూడా చూడాలనుంటే డ్రైవర్ అనే కర్ర వద్దు, సెవెన్ ఐరన్ అనే పొట్టి కర్ర అడగండి. డ్రైవర్ పొడుగెక్కువ, కొత్తవాళ్ళు కొడితే బంతి వంకరపోతుంది.

ఎడమచేతి_బావ:
మీవాడిది ఎడమచేతి వాటమైతే ముందే అడగండి, ఆ వాటం కర్రలు తక్కువ పెడతారు, ఒక్కోసారి అసలు ఉండవు. కుడిచేత్తో ఆడమంటే బెంగపడక్కర్లేదు. అమెరికా గోల్ఫ్ ఆటగాడు ఫిల్ మికెల్సన్ మామూలుగా కుడిచేతివాడే, చిన్నప్పుడు నాన్న ఎదురుగా నిలబడి అద్దంలోలా చూసి నేర్చుకోబట్టి ఎడమవైపు ఆడాడు!

లాసన్స్‌బే_మాస్టారు:
నాన్నగారితో అయితే పొద్దున్నే వెళ్ళండి బాబూ, పదయ్యాక ఆ ఉక్కపోతలో పెద్దవాళ్ళు తట్టుకోలేరు. ప్రొఫెషనల్ ఎవరైనా డెమో ఇస్తుంటే ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, ఆయన బంతి ముందు నిలబడ్డాక కదలకూడదు, మాట్లాడకూడదు. మనవాళ్ళకి అదే కష్టం. ఈ ఆట మన ఊరికి కొత్తేం కాదు, ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884 నాటిది.

వాల్తేరు_నాన్న:
థాంక్స్ అండీ అందరికీ. సిమ్యులేటర్ లైన్లో నాన్నగారే నిలబడతారట, నీడ ఉంటుందని. మేమిద్దరం పటింగ్ దగ్గర ఉంటాం. మురీ మిక్చర్ బళ్ళు ఆ టైముకి వస్తాయా?

సిరిపురం_సెవెన్:
పొద్దున్నే ఎక్కడండీ, సాయంత్రమే. టిఫిన్ చేసి బయల్దేరండి.